డాక్టరా, వ్యాపారమా? హిజ్లీ తెలుగు ఇళ్లలో తెగని లెక్క

హిజ్లీ (ఖరగ్‌పూర్): పురూలియా నుంచి తమిళనాడు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ పెద్ద స్టేషను లోపలికి పోదు. ఊరి అంచున ఉన్న హిజ్లీ స్టేషనులో ఆగి, ఒడిశా, ఆంధ్ర తీరం వెంబడి దక్షిణాదికి సాగిపోతుంది. ఎక్స్‌రే కవర్లు, మందుల సంచులు చేతపట్టుకున్న వారు ఈ దారిన పోయే రైళ్లలో కనిపించడం విశేషమేమీ కాదు. కాట్పాడిలో దిగి, 1900లో మొదలైన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి చేరుకోవాలన్నది వారి ఆరాటం. వైద్యం కోసం బెంగాల్ కుటుంబాలు వెల్లూరు దారి పట్టడం దశాబ్దాల నాటి అలవాటు.

ఆ స్టేషనుకు కొద్ది దూరంలోనే ఐఐటీ ప్రాంగణం ఉంది. ఐఐటీల వ్యవస్థలో తొలి మేనేజిమెంటు కళాశాల అయిన వినోద్ గుప్తా స్కూల్ 1993లో అక్కడే వెలసింది. వైద్య పట్టభద్రులకు ఇంజనీరింగ్ నేర్పే వైద్య శాస్త్ర సాంకేతిక విభాగం 2001లో అక్కడే ప్రారంభమైంది. ఇంజనీరింగ్ విద్యాసంస్థ తన పేరున నిర్మించుకున్న పెద్ద ఆసుపత్రిని 2021 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్ర మోదీ దృశ్యమాధ్యమం ద్వారా ప్రారంభించారు. ఆరోగ్యమా, వాణిజ్యమా అన్న ప్రశ్నకు రెండు జవాబులూ ఒకే ప్రహరీ గోడ వెనుక ఉన్న ఊరు ఇది. అయితే ఆ గోడకు ఇవతల రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు ఆ ప్రశ్న అంత సులువుగా తెమలడం లేదు.

ఖరగ్‌పూర్‌లో తెలుగువారి ఉనికి రైలు పట్టాలతో పాటు వచ్చినదే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ స్టేషను, వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుంచి నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు పనికోసం తరలివచ్చారు. 1927లో ఇక్కడ జరిగిన కార్మిక పోరాటానికి నాయకత్వం వహించిన వారిలో, తర్వాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకట గిరి ఒకరు. తెలుగును అదనపు అధికార భాషగా గుర్తించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించడానికి ప్రధాన కారణం కూడా ఈ పట్టణ జనాభాయే. మూడు, నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న ఈ కుటుంబాలలో స్థిరపడడం అంటే రైల్వే ఉద్యోగమే. నేటి పిల్లలు మాత్రం అటు డాక్టరు చదువు వైపు, ఇటు బీబీఏ, ఎంబీఏల వైపు చూస్తున్నారు.

1995లో ఏర్పడిన హిజ్లీ కళాశాలలోనో, 1949 నాటి ఖరగ్‌పూర్ కళాశాలలోనో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ప్లస్ టూలో జీవశాస్త్రం చదివింది. నీట్ పరీక్ష రాసింది. ర్యాంకు చాలలేదు. ఏడాది వృథా చేయడం ఇష్టం లేక వ్యాపార నిర్వహణ కోర్సులో చేరింది. మార్కులు బాగానే వస్తున్నాయి. కాని మనసు కుదురుగా లేదు. మళ్లీ నీట్ రాయాలా, లేక ఇదే దారిలో ఎంబీఏకు పోవాలా? 2022లో నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి ఎత్తివేయడంతో ఈ ఊగిసలాట మరింత పెరిగింది. వెనుకటి రోజులలో వయసు మీరితే తలుపు దానంతట అదే మూసుకునేది. ఇప్పుడు మూసుకోదు. తలుపు తెరచి ఉండడం కూడా ఒక్కొక్కసారి చిక్కే.

"డాక్టరు చదువంటే పన్నెండేళ్లమ్మా. అప్పటికి నేను రిటైరైపోతాను. బిజినెస్ కోర్సయితే ఐదేళ్లలో చేతికి అందివస్తావు" అనే తండ్రి మాట ఈ ఇళ్లలో తరచు వినిపించేదే. అందులో ప్రేమ ఉంది, భయమూ ఉంది. లెక్క మాత్రం సరిగా లేదు.

తండ్రి లెక్కలో తప్పిన అంకె

ఎంబీబీఎస్ చదువు నాలుగున్నర ఏళ్లు. ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. పోస్టు గ్రాడ్యుయేషన్ మూడేళ్లు. సూపర్ స్పెషాలిటీకి పోదలిస్తే మరో మూడేళ్లు. అన్నీ కూడితే పన్నెండేళ్లకు ఒక ఆరు నెలలు తక్కువ. కుమార్తెకు 18, తండ్రికి 48 అనుకుంటే, ఆమె చదువు ముగిసే వేళకు ఆయన 60 ఏళ్ల పదవీ విరమణ అంచున ఉంటారు. ఇంతవరకు తండ్రి చెప్పినది నిజమే.

కాని ఈ పన్నెండేళ్లూ సంపాదన లేని ఏళ్లు కావు. ప్రభుత్వ కళాశాలలలో ఇంటర్న్‌షిప్ నుంచే స్టైపెండు వస్తుంది. పీజీ చేసే మూడేళ్లూ, ఆపై స్పెషాలిటీ కాలమూ విద్యార్థి అంటే ఆసుపత్రిలో రాత్రింబవళ్లు పనిచేసే జూనియర్ డాక్టరే. నెలనెలా స్టైపెండు అందుతుంది. ఎంబీబీఎస్ తర్వాత చదువు ఆపి ఉద్యోగంలో చేరే వీలూ ఉంది. కేవలం తండ్రి జేబు మీద ఆధారపడే కాలం, సీటు దొరికిన నాటి నుంచి లెక్కిస్తే, నాలుగున్నర ఏళ్లు.

మరి వ్యాపార విద్య సంగతి? డిగ్రీ మూడేళ్లు, ఎంబీఏ రెండేళ్లు. మొత్తం ఐదు. ఈ ఐదేళ్లలో స్టైపెండు మాట లేదు. పేరున్న మేనేజిమెంటు కళాశాలలలో రెండేళ్ల ఫీజు పది లక్షల రూపాయలు దాటిపోయింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ వైద్య కళాశాలలలో ఫీజు ఏడాదికి కొన్ని వేల రూపాయలలోనే ఉంది. అనగా, ప్రభుత్వ సీటు గనుక దొరికితే, డాక్టరు చదువు వ్యాపార చదువు కన్నా చౌక. ఇంటిమీద ఆధారపడే కాలమూ ఒక అర్ధ సంవత్సరం తక్కువే. వినడానికి విడ్డూరంగా ఉన్నా కూడికలు తీసివేతలు చెప్పేది ఇదే.

చిక్కంతా ఆ "గనుక" దగ్గరే ఉంది.

2024లో నీట్‌కు సుమారు 24 లక్షల మంది దరఖాస్తు చేశారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు 2014కు ముందు 51,348 ఉండగా, 2024 నాటికి లక్షా పదివేలు దాటాయి. సీట్లు రెట్టింపు కావడం చిన్న విషయం కాదు. అయినా సీటుకు ఇరవై మందికి పైగా పోటీ పడుతున్నారు. ఉన్న సీట్లలోనూ ప్రభుత్వ కళాశాలలవి దాదాపు సగమే. మిగిలినవి ప్రైవేటువి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలలో కోర్సు మొత్తానికి అయ్యే ఖర్చు కోటి రూపాయలు మించింది. బ్యాంకులు తాకట్టు లేకుండా సాధారణంగా ఇచ్చే విద్యారుణం ఏడున్నర లక్షలు. మిగిలినదానికి ఇల్లో, పొలమో చూపాలి. రైల్వే క్వార్టరులో ఉన్నవాడు ఏ ఇల్లు చూపగలడు? శ్రీకాకుళం జిల్లాలో తాతల నాటి పొలం ఉన్నా అది అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయి ఉంటుంది.

కాబట్టి ఈ కుటుంబాల అసలు లెక్క పన్నెండేళ్ల చదువు గురించి కాదు. సీటు దొరికే లోపు జారిపోయే ఏళ్ల గురించి. ఒక ఏడాది ఆగి రాయడం, అదీ కాకపోతే మరో ఏడాది. కోచింగ్ ఫీజులు వేరు. రెండేళ్లు ఇలా గడిచాక కూడా సీటు రాకపోతే చేతిలో పట్టా ఉండదు, పని అనుభవమూ ఉండదు. సీటు వచ్చిన వారి ఫొటోలు కోచింగ్ కేంద్రాల ప్రకటనలలో కనిపిస్తాయి. రాని వారు ఎన్నేళ్లు పోగొట్టుకున్నారో ఏ ప్రకటనా చెప్పదు.

వలస కుటుంబాలకు మరో ముడి ఉంది. రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లు ఆ రాష్ట్రం వారికే కనుక బెంగాల్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇక్కడే పోటీ. అయితే ఆంధ్రలో షెడ్యూల్డు జాబితాలో ఉన్న కులం లేదా తెగ ఇక్కడి జాబితాలో లేకపోతే ఆ రిజర్వేషను ఇక్కడ వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థి, తండ్రి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగం కారణంగా బొంబాయిలో పెరిగి, అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల కోటా కింద సీటు కోరిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో ఈ సూత్రాన్నే ఖరారు చేసింది. ఉద్యోగం కేంద్రానిదే అయినా, కుటుంబం వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా వెంట రాదని ఆ తీర్పు సారాంశం. అటువంటి స్థితిలో ఉన్న రైల్వే కుటుంబాలకు ఇది పాత కేసు కాదు, ఏటా ఎదురయ్యే వాస్తవం.

రెండు సీట్లు వచ్చిన కుర్రవాడు

హిజ్లీలో ఈ చర్చ జరుగుతున్నప్పుడు ఒక పేరు జ్ఞాపకం రాకమానదు. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్. 1948 నుంచి 1962లో మరణించే వరకు పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి. తొలి ఐఐటీని తన రాష్ట్రంలో నెలకొల్పించేందుకు గట్టిగా కృషి చేసినది ఆయనే. బ్రిటిష్ పాలకులు స్వాతంత్ర్య యోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరం, 1931 సెప్టెంబరు 16న కాల్పులలో ఇద్దరు నిర్బంధితులు నేలకొరిగిన ఆ భవనం, 1951లో ఐఐటీ తొలి తరగతులకు వేదిక అయింది.

ఇంజనీర్ల విద్యాలయం కోసం అంతగా పట్టుబట్టిన ఆ వైద్యుడు, తాను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇంజనీరింగ్ సీటును వదులుకున్నవాడు. 1882లో పాట్నాలో జన్మించిన రాయ్, బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాలకు, కలకత్తా వైద్య కళాశాలకు రెండింటికీ దరఖాస్తు చేశారు. రెండింటిలోనూ సీటు లభించింది. 1901లో ఆయన వైద్య కళాశాలలో చేరారు. చదువు సాగుతుండగానే తండ్రి ఉద్యోగ విరమణ చేయడంతో ఇంటి నుంచి డబ్బు రావడం నిలిచిపోయింది. స్కాలర్‌షిప్పుతో, పొదుపుతో నెట్టుకొచ్చారు. హిజ్లీ తండ్రులు నేడు భయపడుతున్న ఘట్టం సరిగ్గా ఇదే కావడం గమనార్హం.

పట్టా పుచ్చుకున్నాక ప్రభుత్వ వైద్య సేవలో చేరిన రాయ్ అవసరమైతే నర్సు పని కూడా చేశారు. 1909లో లండన్ వెళ్లి సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి కళాశాలలో ప్రవేశం కోరగా పదేపదే తిరస్కరించారు. ముప్పై పర్యాయాలు దరఖాస్తు చేశాక గాని చేర్చుకోలేదని చెబుతారు. 1911 నాటికి ఎంఆర్‌సీపీ, ఎఫ్‌ఆర్‌సీఎస్ రెండూ పూర్తి చేసుకుని తిరిగివచ్చారు. ముఖ్యమంత్రి అయిన తర్వాత కూడా ఉచితంగా రోగులను చూసేవారు. 1961లో భారతరత్న లభించింది. ఆయన పుట్టిన రోజూ, మరణించిన రోజూ అయిన జూలై 1ని వైద్యుల దినంగా పాటిస్తున్నాం. ఐఐటీ కొత్త ఆసుపత్రికి తొలుత ఆయన పేరే అనుకున్నారు. తర్వాత శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరు పెట్టారు.

రాయ్ కథను పిల్లలకు చెప్పేటప్పుడు పట్టుదల పాఠంగా చెప్పడం రివాజు. కాని ఆయన చేతిలో రెండు సీట్లు ఉన్నాయన్న సంగతి మరువరాదు. ఎంచుకునే వీలు ఉన్నవాడి ధైర్యం వేరు; ఒక సీటు కూడా చేతిలో లేనివారి సందేహం వేరు.

ఇదిలా ఉండగా, కుమార్తెలను వైద్య విద్యకు పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులకు మరో కారణం కూడా ఏర్పడింది. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఆర్.జి.కర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో విధి నిర్వహణలో ఉన్న ఒక పీజీ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దేశాన్ని కలచివేసింది. జూనియర్ డాక్టర్లు వారాల తరబడి ఆందోళన సాగించారు. వైద్య సిబ్బంది భద్రతపై సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించింది. నిందితునికి 2025 జనవరిలో యావజ్జీవ శిక్ష పడింది. ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతా రైలులో రెండు మూడు గంటల ప్రయాణం. రాత్రి డ్యూటీ అన్న మాట ఇక్కడి తల్లుల చెవిని ఇప్పుడు వేరుగా సోకుతోంది.

డాక్టరొక్కరే కాదు

ఆరోగ్య రంగం అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అన్నట్టు మాట్లాడడం మన ఇళ్లలో పాతుకుపోయింది. తెలుగు పత్రికలలో మేమూ ఆ పొరపాటుకు అతీతులం కాము. ఐఐటీ నియామకాల వార్తకూ, నీట్ ర్యాంకుల వార్తకూ దొరికే చోటు నర్సింగ్ ప్రవేశ పరీక్షకు దొరకదు.

నిజానికి జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమాకు సైన్సు చదివి ఉండాలన్న నియమం లేదు. ప్లస్ టూ ఏ గ్రూపు వారైనా అర్హులే. మూడేళ్ల కోర్సు. పశ్చిమ బెంగాల్‌లో ఏటా దీనికి ప్రత్యేక ప్రవేశ పరీక్ష జరుగుతుంది. బీఎస్సీ నర్సింగ్‌కు మాత్రం జీవశాస్త్రం తప్పనిసరి, నాలుగేళ్లు పడుతుంది. ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియోగ్రాఫర్లు, ఫిజియోథెరపిస్టుల వంటి వారికి దేశవ్యాప్త ప్రమాణాలు నిర్ణయించేందుకు 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. వీటిలో చాలావాటికి నీట్ పోటీ వంటిది లేదు. పన్నెండేళ్ల నిరీక్షణా లేదు.

అసలు ఆరోగ్యమూ వ్యాపారమూ కలిసే చోటు ఒకటి ప్రతి వీధి మొగలోనూ ఉంది. మందుల దుకాణం. 1945 నాటి ఔషధ నియమావళి ప్రకారం చిల్లర మందుల దుకాణానికి లైసెన్సు కావాలంటే కనీసం పది చదరపు మీటర్ల స్థలం, రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. డి.ఫార్మసీ రెండేళ్ల కోర్సు. గోల్ బజార్‌లో బట్టల కొట్టు పెట్టాలంటే పెట్టుబడి చాలు. మందుల కొట్టుకు పెట్టుబడితో పాటు చదువు కూడా కావాలి. ఆ చదువున్నవారే యజమాని అయితే ఒక జీతం మిగులుతుంది. చీటీ చదివి, మోతాదు సరిచూసి, ఏ మందు పరగడుపున వేసుకోవాలో ముసలమ్మకు ఆమె భాషలో చెప్పగల దుకాణదారును వ్యాపారి అనాలా, ఆరోగ్య సేవకుడనాలా?

ఈ కూడలి నుంచే పెద్ద వ్యాపారం నిర్మించిన తెలుగు వైద్యుడు ఒకరున్నారు. గంగాడి మధుకర్ రెడ్డి వైద్య పట్టా పొంది, ఆపై అమెరికాలోని వార్టన్ స్కూలులో ఎంబీఏ చేశారు. 2006లో హైదరాబాద్‌లో మెడ్‌ప్లస్ మందుల దుకాణాలను ఆరంభించారు. 2021 డిసెంబరులో ఆ సంస్థ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదయ్యాయి. తెలుగు రాష్ట్రాలతో పాటు బెంగాల్‌లోనూ ఆ దుకాణాలున్నాయి. అంతకు ముందు తరంలో చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి.రెడ్డి 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రిని స్థాపించి, ఆసుపత్రిని కంపెనీగా నడపవచ్చునని చూపారు. విదేశంలో శస్త్రచికిత్సకు డబ్బు సమకూరక 1979లో ఒక రోగి మరణించడం తనను కదిలించిందని ఆయన పలుమార్లు చెప్పారు.

ఈ పేర్లు చూసి వైద్యం, వ్యాపారం రెండూ ఒకటేనని నిర్ధారించడం తొందరపాటు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22లో 39.4 శాతానికి తగ్గింది. తగ్గినా అది చిన్న మొత్తం కాదు. ఆసుపత్రి ఆదాయమని ఒకరు రాసుకునేది మరొకరి ఇంటి అప్పుగా ఉండే రంగం ఇది. బీబీఏ చదివి ఆసుపత్రి నిర్వహణలోకి వెళ్లదలచిన విద్యార్థికి ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది. హిజ్లీలో రైలెక్కే వెల్లూరు ప్రయాణికులే దానికి సాక్షులు.

వ్యాపార విద్య మీద కూడా లేనిపోని భరోసా పెట్టుకోనక్కరలేదు. వినోద్ గుప్తా స్కూల్‌కు ఆ పేరు వచ్చినది ఇదే ఐఐటీలో 1967లో వ్యవసాయ ఇంజనీరింగ్ పట్టా పొంది, అమెరికాలో ఎంబీఏ చేసి, 1972లో వ్యాపార సంస్థల చిరునామాల జాబితాలు అమ్మే కంపెనీ స్థాపించిన పూర్వ విద్యార్థి పేరు మీద. ఆ బడి క్వార్టర్లకు సైకిలు దూరంలోనే ఉన్నా, ప్రవేశం క్యాట్ పరీక్ష ద్వారా. దేశం మొత్తం నుంచి పోటీ. ఇంటి పక్కన బడి ఉన్నంత మాత్రాన సీటు పక్కన ఉండదు. క్యాట్‌లో మంచి మార్కులు రాని వారికి మిగిలేది పేరు లేని కళాశాల, పెద్ద ఫీజు. నీట్ తప్పినవారి గతి కన్నా ఇది మెరుగని గట్టిగా చెప్పలేం. ఒక్క తేడా మాత్రం ఉంది. క్యాట్ రాసేవారి చేతిలో అప్పటికే ఒక డిగ్రీ ఉంటుంది. లేదా చివరి సంవత్సరంలో ఉంటారు. ఓడినా ఏడాది పూర్తిగా పోదు.

డిగ్రీ మానకుండానే నీట్ మరొక్కసారి రాసే అవకాశం ఆ రెండో సంవత్సరం విద్యార్థినికీ ఉంది. సీటు వస్తే బీబీఏను వదలవచ్చు. కంసావతి దాటితే మిడ్నపూర్‌లో 2004 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఖరగ్‌పూర్ నుంచి లోకల్ రైలులో అరగంట లోపు ప్రయాణం. రాకపోతే మూడో సంవత్సరం పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. తండ్రి లెక్కలో లేనిదీ, కోచింగ్ కేంద్రం చెప్పనిదీ ఈ మధ్యే మార్గమే. దీనికి కావలసినది ఉదయం నాలుగింటికి లేచి జీవశాస్త్రం, పగలు కళాశాలలో అకౌంట్లు చదవగల ఓపిక. అది అందరికీ ఉంటుందని అనలేం.

నీట్ సాధారణంగా మే నెల మొదటి ఆదివారం జరుగుతుంది. క్యాట్ నవంబరు చివరి ఆదివారం. రెండింటి నడుమ దాదాపు ఏడు నెలలు. నర్సింగ్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు ఈ రెండింటితో సంబంధం లేకుండా వేరుగా చేసుకోవాలి.